ఎక్స్ఛేంజ్ అయ్యాక ఇంటి కొనుగోలు ఆగిపోతే ఏం చేయాలి? ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవారి కోసం

ఇంగ్లండ్, వేల్స్‌లో ఇల్లు చేతులు మారడానికి రెండు తేదీలు ఉంటాయి. ఇరువైపుల సొలిసిటర్లు (లాయర్లు) సంతకాలైన కాంట్రాక్టులను మార్చుకునేది ఎక్స్ఛేంజ్ రోజు. మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునేది కంప్లీషన్ రోజు. ఎక్స్ఛేంజ్‌కు ముందు ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. అప్పుడు పోయేది సర్వే ఫీజు, సెర్చ్‌ల (ఇంటి గురించి రికార్డుల తనిఖీల) ఖర్చు, అప్పటిదాకా చేసిన పనికి సొలిసిటర్ బిల్లు. ఎక్స్ఛేంజ్ అయ్యాక తప్పుకుంటే అది ఒప్పంద ఉల్లంఘన. 4,00,000 పౌండ్ల ఇంటి మీద నష్టం 40,000 పౌండ్ల దగ్గర మొదలవుతుంది, అక్కడే ఆగుతుందన్న హామీ కూడా లేదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాక, రిజిస్ట్రేషన్ తేదీని రెండు మూడు సార్లు మాట్లాడుకుని జరుపుకోవడం మనకు అలవాటే. ఇక్కడ దెబ్బతినేది సరిగ్గా ఆ అలవాటు వల్లే. కంప్లీషన్ తేదీ తప్పిందంటే అవతలివాళ్లు ఆ మధ్యాహ్నమే, గడువులోగా పూర్తి చేయమంటూ 'నోటీస్ టు కంప్లీట్' అనే నోటీసు ఇవ్వవచ్చు. అక్కడి నుంచి మీకు ఉండేవి 10 పని దినాలు. ఆ పది రోజుల్లో ఏ పని ముందు, ఏ పని తర్వాత చేశారన్న దాని మీదే మీ నష్టం ఎంతో తేలుతుంది.

స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడ లాయర్ల మధ్య నడిచే మిస్సివ్స్ అనే ఉత్తరాలతో ఒప్పందం కుదురుతుంది. ఇక్కడ చెప్పేది దానికి వర్తించదు.

మొదటి పని: ఎవరికీ ఏమీ రాయకండి

డబ్బు సమకూరదని తెలిసిన క్షణంలో చాలామంది ఎస్టేట్ ఏజెంట్‌కు ఫోన్ చేస్తారు, లేదా అమ్మేవాళ్లకు నేరుగా వాట్సాప్‌లో 'సారీ, మేం కొనలేకపోతున్నాం' అని పంపిస్తారు. ఆ ఒక్క వాక్యం చాలు. ఒప్పందాన్ని తిరస్కరించారని అవతలి సొలిసిటర్ దాన్ని పట్టుకుంటే, కంప్లీషన్ తేదీ దాకా ఆగకుండానే మీ మీద చర్య మొదలుపెట్టే వీలుంటుంది. మంచితనంతో ముందే చెప్పాలనుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ కబురు మీ సొలిసిటర్ ద్వారా, 'కంప్లీషన్‌కు కొంత సమయం కావాలి' అన్న రూపంలో వెళ్లాలి. ఆలస్యం వేరు, తిరస్కరణ వేరు. మొదటిదానికి వడ్డీ కడితే సరిపోవచ్చు.

సొలిసిటర్‌కు మాత్రం అదే రోజు, దాచకుండా చెప్పండి. ఒక మాట గుర్తుంచుకోండి: మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఉన్నచోట మామూలుగా అదే సొలిసిటర్ బ్యాంకు తరఫున కూడా పనిచేస్తారు. ఉద్యోగం పోయిందనో, ఆదాయం తగ్గిందనో చెబితే, మీ అనుమతితో బ్యాంకుకు ఆ విషయం తెలియజేయాల్సి ఉంటుంది. మీరు ఒప్పుకోకపోతే ఆయన తప్పుకోవాల్సి రావచ్చు. అయినా చెప్పడమే దారి. ఉద్యోగం పోయిన సంగతి దాచి లోన్ డబ్బు విడుదల చేయించుకుంటే అది మోసం కేసు అవుతుంది, డిపాజిట్ పోవడం కంటే చాలా పెద్ద కష్టం.

రెండో పని: కాంట్రాక్టులో ఈ ఐదు చోట్లు వెతకండి

ఇక్కడి ఇళ్ల ఒప్పందాల్లో ఎక్కువ భాగం లా సొసైటీ (సొలిసిటర్ల సంఘం) వాళ్ల స్టాండర్డ్ కండిషన్స్ ఆఫ్ సేల్, అయిదో ఎడిషన్ మీద నడుస్తాయి. వాటికి వెనక స్పెషల్ కండిషన్స్ అని కొన్ని అదనపు షరతులు చేరుస్తారు. అసలు షరతును అదనపు షరతు మార్చేసి ఉండవచ్చు కాబట్టి రెండూ చదవాలి.

డిపాజిట్ ఎంత, ఎవరి దగ్గర ఉంది అన్నది మొదట చూడండి. మామూలు లెక్క ధరలో 10 శాతం. అమ్మేవాళ్ల సొలిసిటర్ దాన్ని 'స్టేక్‌హోల్డర్'గా పట్టుకుంటే కంప్లీషన్ దాకా ఆ డబ్బు కదలదు. 'ఏజెంట్'గా పట్టుకుంటే అమ్మేవాళ్లకు అప్పుడే ఇచ్చేసి ఉండవచ్చు. అమ్మేవాళ్లు తాము ఉండడానికి ఇంగ్లండ్, వేల్స్‌లోనే మరో ఇల్లు కొంటుంటే, మీ డిపాజిట్‌ను దానికి డిపాజిట్‌గా వాడుకునే వీలు షరతుల్లోనే ఉంది.

రెండోది 6.8 షరతు. 5 శాతమే కట్టి ఎక్స్ఛేంజ్ చేసుకున్నవాళ్లు పోయేది అంతే అనుకుంటారు. అది పొరపాటు. నోటీస్ టు కంప్లీట్ అందగానే మిగతా 5 శాతం కూడా వెంటనే కట్టాలని 6.8 షరతు చెబుతుంది. కట్టకపోతే అది మీ బాకీ.

మూడోది కంప్లీషన్ గంట. స్టాండర్డ్ షరతులో మధ్యాహ్నం 2. స్పెషల్ కండిషన్స్‌లో ఒంటిగంటకో, పన్నెండుకో మార్చేయడం మామూలే. ఆ గంట దాటి డబ్బు అందితే, వడ్డీ లెక్కకు మరుసటి పని దినాన అందినట్టు. శుక్రవారం 2:10కి అందితే సోమవారం అందినట్టే, మూడు రోజుల వడ్డీ పడుతుంది. శుక్రవారం కంప్లీషన్ పెట్టుకోవద్దని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

నాలుగోది కాంట్రాక్ట్ రేటు, అంటే ఆలస్యానికి పడే వడ్డీ రేటు. వేరే అంకె రాయకపోతే అది లా సొసైటీ వడ్డీ రేటు, అంటే బార్క్లేస్ బ్యాంకు బేస్ రేటుకు పైన 4 శాతం. అయిదోది, నోటీసు ఇచ్చినందుకు అవతలి సొలిసిటర్ ఫీజు మీరే కట్టాలన్న స్పెషల్ కండిషన్ ఉందేమో చూడండి. చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది.

తేదీ తప్పిన రోజు ఏం జరుగుతుంది

కంప్లీషన్ తేదీ తప్పినంత మాత్రాన ఒప్పందం రద్దవదు. చాలామందికి తెలియని విషయం ఇదే, అందుకే అమ్మేవాళ్లు మరుసటి రోజే ఇల్లు మళ్లీ మార్కెట్లో పెట్టి తామే తప్పు చేసినవాళ్లవుతారు. నోటీస్ టు కంప్లీట్ ఇచ్చేదాకా ఆ తేదీని తప్పనిసరి గడువుగా చట్టం చూడదు. అప్పటిదాకా నడిచేది నష్టపరిహారపు లెక్క మాత్రమే.

లెక్క ఇలా వేయండి. ధర 4,00,000. కట్టిన డిపాజిట్ 40,000. మిగిలింది 3,60,000. బేస్ రేటు 4 శాతం ఉందనుకుంటే కాంట్రాక్ట్ రేటు 8 శాతం. రోజుకు 3,60,000 మీద 8 శాతాన్ని 365తో భాగిస్తే దాదాపు 79 పౌండ్లు. నెల రోజులు ఆలస్యమైతే 2,367. అమ్మేవాళ్లు ఆలస్యం చేసినప్పుడు లెక్క డిపాజిట్ తీసేయకుండా పూర్తి ధర మీద పడుతుంది. ఇద్దరిదీ కొంత తప్పు ఉంటే, ఎవరి ఆలస్యం ఎక్కువో వాళ్లు ఆ తేడా రోజులకే కడతారు.

40,000 పోగొట్టుకోవడానికి, 2,367 కట్టి నెల సంపాదించుకోవడానికి మధ్య ఎంపిక ఉన్నప్పుడు బేరం ఎటు నడపాలో వేరే చెప్పక్కర్లేదు. వెంటనే రాతపూర్వకంగా గడువు పెంపు అడగండి. ఫలానా తేదీ, ఫలానా వడ్డీ, అవతలివాళ్ల అదనపు ఖర్చులు మావే అని స్పష్టంగా రాయించండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం చూపితే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. ఉత్త మాట మీద ఎవరూ ఆగరు, ముఖ్యంగా వెనక వాళ్లకూ ఒక ఇల్లు కొనాల్సి ఉన్నప్పుడు.

నోటీస్ టు కంప్లీట్: పది రోజుల లెక్క

కంప్లీషన్ రోజున ఆ గంట దాటాక, తాము పూర్తి చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఎవరైనా ఈ నోటీసు ఇవ్వవచ్చు. ఇచ్చిన రోజును వదిలేసి 10 పని దినాలు లెక్కపెట్టాలి. శనివారం, ఆదివారం, బ్యాంక్ హాలిడేలు లెక్కలోకి రావు. 5వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నోటీసు అందితే, మధ్యలో సెలవు లేకపోతే చివరి రోజు 19వ తేదీ శుక్రవారం. సాయంత్రం 4 దాటాక అందిన నోటీసు మరుసటి పని దినాన అందినట్టు లెక్క, అప్పుడు గడువు 22వ తేదీ సోమవారానికి జరుగుతుంది. ఈ ఒక్క రోజు తేడా మీద కేసులు నడుస్తాయి కాబట్టి ఈమెయిల్ వచ్చిన సమయాన్ని భద్రపరచండి. ఈమెయిల్‌లో నోటీసు చెల్లుతుందో లేదో కాంట్రాక్టులోని నోటీసుల షరతు చూసి తేల్చుకోవాలి.

మీరు అమ్మేవాళ్లై నోటీసు ఇస్తుంటే, మీరూ జాగ్రత్తగా ఉండాలి. 'సిద్ధంగా ఉన్నాం' అన్నది నిజం కావాలి. ట్రాన్స్‌ఫర్ డీడ్ మీద సంతకాలు కాకుండా, ఇల్లు ఖాళీ కాకుండా, అద్దెకున్నవాళ్లు లోపలే ఉండగా ఇచ్చిన నోటీసు నిలబడదు. ఇంటి మీద మీ పాత మార్ట్‌గేజ్ ఇంకా ఉండడం ఫర్వాలేదు, వచ్చే డబ్బుతో అది తీరిపోతుందంటే చాలు. నోటీసు ఇద్దరినీ కట్టేస్తుందన్నది ఇంకో సంగతి. పదో రోజున కొనేవాళ్లు డబ్బుతో వస్తే, మీరు లారీ దొరకలేదనడానికి లేదు. అప్పుడు తప్పినవాళ్లు మీరవుతారు.

ఈ పది రోజుల్లో కొనేవాళ్లు చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. మొదటి రోజే మార్ట్‌గేజ్ బ్రోకర్‌తో మాట్లాడి, ఆఫర్ వెనక్కి తీసుకున్న బ్యాంకు మనసు మార్చుకునే వీలుందా, వేరే బ్యాంకు దొరుకుతుందా అడగండి. కొత్త మార్ట్‌గేజ్ పది పని దినాల్లో దొరకడం చాలా కష్టం, అందుకే దాన్ని గడువు పెంపుతో కలిపి నడపాలి. పాత ఇల్లు అమ్ముడవక డబ్బు ఆగిపోయి, ఆ ఇంటి మీద అప్పు తక్కువగా ఉంటే బ్రిడ్జింగ్ లోన్ (అది అమ్ముడయ్యేదాకా తీసుకునే తాత్కాలిక అప్పు) ఒక దారి. వడ్డీ ఎక్కువే, దాన్ని తీర్చే దారి కళ్లముందు కనిపిస్తేనే తీసుకోండి. మీ బదులు అన్నదమ్ములో, స్నేహితులో కొంటామంటే స్టాండర్డ్ షరతులు ఆ హక్కు మీకివ్వవు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటేనే అది సాధ్యం, కానీ తరచుగా ఒప్పుకుంటారు, వాళ్లకు కావలసింది డబ్బే కదా.

గడువు దాటింది, తప్పు కొనేవాళ్లది

7.4 షరతు ప్రకారం ఇప్పుడు అమ్మేవాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసి, డిపాజిట్‌ను దాని వడ్డీతో సహా ఉంచేసుకుని, ఇల్లు మళ్లీ అమ్మి, ఇంకా నష్టం ఉంటే దావా వేయవచ్చు. డిపాజిట్ ఉంచుకోవడానికి తమకు నష్టం జరిగిందని చూపించనక్కర్లేదు. ఇల్లు రెండో నెలలో ఎక్కువ ధరకు అమ్ముడైనా డిపాజిట్ వాళ్లదే.

ధర 4,00,000 అనుకుని చూద్దాం. మళ్లీ అమ్మితే 3,70,000 వచ్చింది, రెండోసారి ఏజెంట్, సొలిసిటర్, ఈలోగా కట్టిన లోన్ వడ్డీ కలిపి 6,000 అయింది. నష్టం 36,000. డిపాజిట్ 40,000 దాన్ని మించింది కాబట్టి కొనేవాళ్లు ఇంకేమీ కట్టక్కర్లేదు. అదే 3,40,000కే అమ్ముడైతే నష్టం 66,000, డిపాజిట్ పోను ఇంకో 26,000 బాకీ. పడిపోతున్న మార్కెట్లో ఎక్స్ఛేంజ్ తర్వాత తప్పుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. అమ్మేవాళ్లు కూడా సరసమైన ధర రావడానికి ప్రయత్నించాలి. బంధువుకు కారుచౌకగా అమ్మేసి తేడా కట్టమంటే కోర్టు ఒప్పుకోదు.

డిపాజిట్ వెనక్కి వచ్చే దారి ఒకటుంది. 1925 నాటి లా ఆఫ్ ప్రాపర్టీ చట్టం 49(2) సెక్షన్ కింద కోర్టు తిరిగి ఇప్పించగలదు. కానీ తప్పు కొనేవాళ్లదై, నోటీసు సక్రమంగా ఉన్నప్పుడు ఆ అధికారాన్ని కోర్టులు వాడడం అరుదు. ఉద్యోగం పోయింది, ఆరోగ్యం బాగాలేదు అన్న కారణాలు ఒక్కటే సరిపోవు. 10 శాతం కంటే ఎక్కువ డిపాజిట్ తీసుకున్న సందర్భం వేరు. 1993లో వర్కర్స్ ట్రస్ట్ వర్సెస్ డోజాప్ కేసులో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ అనే అప్పీలు కోర్టు 25 శాతం డిపాజిట్‌ను జరిమానాగా చూసి తిరిగి ఇప్పించింది. మీరు 20 శాతం కట్టి ఉంటే ఈ విషయం మీ లాయర్‌ను తప్పక అడగండి.

దావా దాకా పోకుండా తేల్చుకోవడం తరచుగా ఇద్దరికీ మేలు. డిపాజిట్ ఉంచుకోండి, ఇంతకు మించి మా మీద క్లెయిమ్ ఉండదని రాసివ్వండి అన్న ఒప్పందానికి అమ్మేవాళ్లు ఒప్పుకునే అవకాశం బాగానే ఉంటుంది. ఆ కాగితం మీద సంతకం అయ్యేదాకా మాత్రం స్టేక్‌హోల్డర్ దగ్గరున్న డబ్బును విడుదల చేయడానికి అంగీకరించకండి.

అమ్మేవాళ్లకు ఒక హెచ్చరిక: చాలా ఎస్టేట్ ఏజెన్సీ కాంట్రాక్టుల్లో ఏజెంట్ కమీషన్ హక్కు ఎక్స్ఛేంజ్‌తోనే పుడుతుంది. బేరం చెడినా బిల్లు రావచ్చు. దాన్ని నష్టం లెక్కలో చేర్చుకోండి. రద్దు చేశామని రాసి పంపేదాకా ఇల్లు మార్కెట్లో పెట్టకండి, ఇంటి ఇన్సూరెన్స్ కూడా ఆపకండి.

తప్పు అమ్మేవాళ్లదైతే

భార్యాభర్తల మధ్య గొడవ, కొనుక్కోబోయే ఇల్లు చేజారడం, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయకపోవడం, ఇంటి మీదున్న అప్పు అమ్మకం ధరకు మించిపోవడం. అమ్మేవాళ్లు ఆగిపోయేది ఎక్కువగా వీటివల్లే. ఇక్కడ కొనేవాళ్ల చేతిలో బలమైన ఆయుధం ఉంది: ఒప్పందాన్ని అమలు చేయమని ఆదేశించమంటూ కోర్టుకు వెళ్లడం, అంటే స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్. ప్రతి ఇల్లూ ప్రత్యేకమైనదే, డబ్బు దానికి సమానం కాదన్నది ఇంగ్లండ్ కోర్టుల పాత సూత్రం. దీనికోసం నోటీసు గడువు దాటేదాకా ఆగనక్కర్లేదు. మీ డబ్బు సిద్ధంగా ఉందని చూపించగలగాలి, ఆలస్యం చేయకూడదు.

అంతకంటే ముందు, అదే రోజు చేయాల్సిన పని ల్యాండ్ రిజిస్ట్రీలో యూనిలేటరల్ నోటీసు, అంటే ఆ ఇంటి మీద మీకు కాంట్రాక్టు ఉందని చెప్పే నమోదు, పెట్టించడం. ఫారం యూఎన్1. దీనికి అమ్మేవాళ్ల అంగీకారం అక్కర్లేదు. ఇది టైటిల్ మీద కనిపిస్తుంటే ఎక్కువ ధర ఇస్తామన్న మూడోవాళ్లకు ఇల్లు అంటగట్టడం కష్టం. మీ సొలిసిటర్ అప్పటికే ఓఎస్1 సెర్చ్ (ల్యాండ్ రిజిస్ట్రీ తనిఖీ) చేయించి ఉంటే, మీ రిజిస్ట్రేషన్‌కు ఇతరుల కంటే ముందు 30 పని దినాల ప్రాధాన్యం ఉంటుంది, దాని గడువు తేదీ కూడా చూసుకోండి.

ఇల్లు వద్దనుకుంటే, నోటీసు గడువు దాటాక 7.5 షరతు కింద రద్దు చేసి డిపాజిట్‌ను వడ్డీతో వెనక్కి తీసుకోండి. దానితోపాటు నష్టం: అలాంటి ఇల్లు ఇప్పుడు ఎక్కువ ధర ఉంటే ఆ తేడా, వృథా అయిన ఖర్చులు, సామాను గోడౌన్‌లో పెట్టిన అద్దె, హోటల్ బిల్లులు. రసీదులు మొదటి రోజు నుంచీ ఒక ఫైల్లో పెట్టండి. అవసరానికి మించిన ఖర్చు, ఇంకా మంచి హోటల్ దొరికింది కదా అని పెట్టిన ఖర్చు రాదు. రద్దు చేసేటప్పుడు యూనిలేటరల్ నోటీసు తీసేయాల్సిన బాధ్యత మీదే.

సర్వేలో కనిపించని పగులు ఎక్స్ఛేంజ్ తర్వాత బయటపడితే? దానికి సాధారణంగా ఏ దారీ లేదు, చూసుకోవాల్సింది కొనేవాళ్లే. కానీ అమ్మేవాళ్లు టీఏ6 ఫారంలో (ఇంటి గురించి వాళ్లు నింపే ప్రశ్నావళిలో) పక్కింటివాళ్లతో గొడవలు లేవని, వరద నీళ్లు రాలేదని తెలిసీ అబద్ధం రాసి ఉంటే 1967 మిస్‌రిప్రజెంటేషన్ చట్టం కింద రద్దుకో, పరిహారానికో అవకాశం ఉంది. ఇలాంటి సందర్భంలో డబ్బు కట్టడం ఆపేముందు ప్రాపర్టీ లిటిగేషన్ చేసే లాయర్ అభిప్రాయం రాతలో తీసుకోండి. మీ అంచనా తప్పయితే కట్టనిది మీరే అవుతారు.

చైన్‌లో ఉన్నప్పుడు

ఒకరి అమ్మకం మీద ఇంకొకరి కొనుగోలు ఆధారపడే వరసను చైన్ అంటారు. ఒకే రోజు మీ ఇల్లు అమ్మి ఇంకోటి కొంటుంటే, ఈ రెండూ వేర్వేరు ఒప్పందాలు. మీ ఇల్లు కొనేవాళ్లు డబ్బు తేలేదన్నది మీరు కొనే ఇంటివాళ్లకు సమాధానం కాదు. వాళ్ల దృష్టిలో తప్పినది మీరే. పై నుంచి (మీరు కొనే ఇంటివాళ్ల నుంచి) మీకు నోటీసు వచ్చిన గంటలోనే కిందివాళ్లకు (మీ ఇల్లు కొనేవాళ్లకు) మీ నోటీసు వెళ్లాలి, లేకపోతే మీ పది రోజులు ముందు అయిపోతాయి. పైవాళ్లకు మీరు కట్టిన వడ్డీ, పోగొట్టుకున్న డిపాజిట్ కిందివాళ్ల నుంచి రాబట్టాలంటే, మీరు ఇంకో ఇల్లు కొంటున్నారని వాళ్లకు ఎక్స్ఛేంజ్ నాటికే తెలుసునని చూపించాలి. ఆ సంగతి సొలిసిటర్ల ఉత్తరాల్లో ఉండేలా ముందే అడగండి.

మనిషి చనిపోతే ఒప్పందం పోదు. ఆస్తికి బాధ్యులైనవాళ్లు పూర్తి చేయాలి. ప్రొబేట్‌కు (ఆ బాధ్యులకు కోర్టు అనుమతికి) నెలలు పడుతుంది, ఈలోగా వడ్డీ నడుస్తుంది. కొనేవాళ్లు పోతే మార్ట్‌గేజ్ ఆఫర్ పోతుంది, కానీ బాకీ వాళ్లు వదిలిన ఆస్తి మీద ఉంటుంది. అందుకే జీవిత బీమా కంప్లీషన్ రోజు నుంచి కాకుండా ఎక్స్ఛేంజ్ రోజు నుంచి మొదలుపెట్టండి. ఇంటి ఇన్సూరెన్స్ కూడా అంతే. అయిదో ఎడిషన్ షరతుల్లో ఎక్స్ఛేంజ్ నుంచి అగ్నిప్రమాదం నష్టం కొనేవాళ్లదే, కాలిపోయినా పూర్తి ధర కట్టాలి.

మనవాళ్ల విషయంలో బేరం ఎక్కడ చెడుతుంది

మొదటిది ఇండియా నుంచి రావాల్సిన డబ్బు. అమ్మానాన్నలు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. బహుమతిగా పంపేటప్పుడు 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది. తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ పంపే రోజున ఆ డబ్బు అదనంగా చేతిలో ఉండాలి. ప్లాట్ అమ్మిన డబ్బు మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్‌ఆర్‌ఐలకు ఇండియాలో ఉండే ఖాతాలో) ఉంటే ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు, దానికి సీఏ సర్టిఫికెట్, పన్ను కట్టిన కాగితాలు కావాలి. డబ్బు ఇక్కడికి చేరాక సొలిసిటర్ దాని మూలం అడుగుతారు: సేల్ డీడ్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, తెలుగులో ఉన్న దస్తావేజుకు అనువాదం. బ్యాంకుకు బహుమతి లేఖ కావాలి. ఈ ప్రశ్నలన్నీ తీరి, డబ్బు యూకే ఖాతాలో కనిపించాకే ఎక్స్ఛేంజ్‌కు ఒప్పుకోండి. 'వచ్చేవారం వచ్చేస్తుంది' అన్న మాట మీద ఎక్స్ఛేంజ్ చేయకండి.

రెండోది ఎవరూ అడగని ప్రశ్న: ఇండియాలో మీ పేరున ఇల్లుందా? 40,000 పౌండ్లు లేదా అంతకంటే విలువైన ఇల్లో, వాటానో ప్రపంచంలో ఎక్కడున్నా స్టాంప్ డ్యూటీలో అది లెక్కలోకి వస్తుంది. కూకట్‌పల్లిలో ఫ్లాట్ మీ భార్య లేక భర్త పేరున ఉన్నా అంతే. 2024 అక్టోబర్ 31 నుంచి ఇంగ్లండ్‌లో అదనపు ఇంటికి సర్‌చార్జ్ 5 శాతం. 4,00,000 పౌండ్ల మీద అది 20,000. వేల్స్‌లో పన్ను వేరు, అక్కడా అదనపు ఇంటికి ఎక్కువ రేటే. ఇది కంప్లీషన్ స్టేట్‌మెంట్ (కట్టాల్సిన మొత్తం డబ్బు లెక్క) వచ్చిన రోజున తెలిస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఆఫర్ పెట్టినప్పుడే సొలిసిటర్‌కు రాసి చెప్పండి.

మూడోది వీసా. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే హోమ్ ఆఫీస్ సాధారణంగా వీసా గడువును 60 రోజులకు కుదిస్తుంది, మార్ట్‌గేజ్ ఆఫర్ కూడా నిలవదు. కంపెనీలో తొలగింపుల మాట వినపడుతుంటే ఎక్స్ఛేంజ్ వాయిదా వేయండి. లేదా ఎక్స్ఛేంజ్, కంప్లీషన్ ఒకే రోజు పెట్టించండి, అప్పుడు మధ్యలో ప్రమాదకాలమే ఉండదు. చైన్ లేని ఇళ్లలో ఇది తేలిగ్గా కుదురుతుంది.

ప్లాన్ మీద ఫ్లాట్ బుక్ చేసుకున్నవాళ్లకు ఎక్స్ఛేంజ్‌కూ కంప్లీషన్‌కూ మధ్య రెండేళ్లు కూడా ఉండవచ్చు. ఈలోగా ఆఫర్ గడువు తీరిపోతుంది, బ్యాంకు కొత్త వాల్యుయేషన్ తక్కువ వస్తుంది. ఆ తేడా చేతి నుంచి కట్టే స్తోమత ఉంటేనే దిగండి. బిల్డర్ కాంట్రాక్టులో లాంగ్‌స్టాప్ తేదీ (ఇల్లు పూర్తి చేయాల్సిన చివరి గడువు) ఉందో లేదో చూడండి, అది దాటితే మీరు డిపాజిట్‌తో బయటపడవచ్చు.

ఇంకొకటి, మోసగాళ్ల ఈమెయిల్. సొలిసిటర్ పేరుతో 'మా బ్యాంక్ ఖాతా మారింది' అని వచ్చే సందేశం నమ్మి పంపిన డబ్బు వెనక్కి రావడం కష్టం, కంప్లీషన్ అక్కడే ఆగిపోతుంది. మొదటి ఉత్తరంలో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి ఖాతా వివరాలు సరిచూసుకోండి, ఒక పౌండ్ పంపి అందిందని విన్నాకే మిగతాది పంపండి.

తప్పు సొలిసిటర్‌ది అనిపిస్తే

డబ్బు వేళకు అడగలేదు, లోన్ డబ్బు విడుదలకు బ్యాంకుకు పంపాల్సిన సర్టిఫికెట్ ఆఫ్ టైటిల్ పంపడం మర్చిపోయారు, నోటీసు తేదీ తప్పుగా లెక్కపెట్టారు. ఇలాంటివి జరుగుతాయి. మొదట ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 8 వారాల్లో తేలకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్‌కు (లాయర్ల మీద ఫిర్యాదులు విచారించే సంస్థకు) వెళ్లవచ్చు. సంస్థ తుది సమాధానం వచ్చిన 6 నెలల్లో, తప్పు జరిగిన లేదా మీకు తెలిసిన ఏడాదిలో వెళ్లాలి. అక్కడ 50,000 పౌండ్ల దాకా పరిహారం ఇప్పించగలరు, మీకు ఖర్చు ఉండదు. నష్టం అంతకంటే ఎక్కువైతే నిర్లక్ష్యం మీద దావాకు సాధారణంగా 6 ఏళ్ల గడువు. సొలిసిటర్లందరికీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాబట్టి గెలిస్తే డబ్బు వస్తుంది. బ్యాంకు అన్యాయంగా ఆఫర్ వెనక్కి తీసుకుందనిపిస్తే దానికి ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ వేరు.

ఈ ఫిర్యాదులన్నీ బేరం తేలిన తర్వాతి పని. నోటీసు గడువు నడుస్తున్న పది రోజుల్లో ఫైలు తీసుకుని కొత్త సొలిసిటర్ దగ్గరికి మారాలనుకోకండి. పాత బిల్లు కట్టేదాకా ఫైలు వదలరు, కొత్తవాళ్లు గుర్తింపు పత్రాలన్నీ మళ్లీ మొదటి నుంచి అడుగుతారు, ఈలోగా గడువు అయిపోతుంది. అదే సంస్థలో పార్ట్‌నర్‌ను ఫైలు చూడమని అడగండి, వివాదం మీద సలహా కోసం మాత్రం బయటి లాయర్‌ను పక్కన పెట్టుకోండి.